వదులుగా వదిలిన వైరు

ఆ ఇంటి పిల్లతో వచ్చిన చిక్కు ఒక్కటే. ఎవరు ఏ పని చేసినా దాని మీద మళ్ళీ ఆవిడగారి చేయి పడాలి. తల్లి మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. తండ్రి తోమిన గిన్నెలు మళ్ళీ తోముతుంది. ఆ దెబ్బతో ఆయన గిన్నెల జోలికి వెళ్ళడమే మానేసి, కూతురి క్రమశిక్షణను మెచ్చుకుంటూ పేపరు చదువుకుంటున్నాడు. ఇలాంటి పిల్లను కన్న తల్లికి న్యాయంగా విశ్రాంతి దొరకాలి. దొరికింది మాత్రం కూతురి తరఫున అందరికీ సంజాయిషీలు చెప్పుకునే ఉద్యోగం.

ఇంజనీరింగ్ మూడో ఏడులో ఈ గుణానికి మార్కులు కూడా పడ్డాయి. ముగ్గురు కలిసి ఒక యంత్రపు చేయి తయారు చేయాలి. అది డబ్బాను పట్టుకుని, గిర్రున తిరిగి, అవతలి పక్కన పెట్టాలి. పని మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి జట్టువాళ్ళు ఒకరికొకరు ఫోన్‌లో మార్కులు వేసుకోవాలని లెక్చరర్ నియమం. మొదటి విడతలో కూతురికి పని చేయడంలో ఐదుకు ఐదు వచ్చాయి. తోటివాళ్ళ మాట వినడంలో ఒకటి.

"పనంతా నేనే చేశానమ్మా," అని సణిగింది కూతురు.

"ఒకటి వేసింది అందుకేనేమో," అంది తల్లి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

మాట తేలిగ్గా అంది గానీ లోపల గుబులుగానే ఉంది. చివరి విడతలోనూ ఇదే తీరైతే, వచ్చే ఏటి పెద్ద ప్రాజెక్టుకు ఆ జట్టులో చోటు ఉండదు. "హాయిగా ఒక్కదాన్నే చేసుకుంటా," అంది పిల్ల. ఆ హాయి సంగతి తల్లికి తెలుసు. ఆ ఇంటి గుమ్మంలో కూతురి స్నేహితుల చెప్పులు ఏనాడూ కనబడలేదు.

కాలేజీ ల్యాబుకు సెలవు కావడంతో ఆ ఆదివారం రెండు జతలు కనబడ్డాయి. ఒకటి పొడుగబ్బాయిది, పడవంత ఉంది. రెండోది, కూతురు "నిదానం" అని పేరు పెట్టిన అమ్మాయిది. భోజనాల బల్ల మీద యంత్రపు చేయి వెలిసింది. మర్నాడే పరీక్ష. అది డబ్బాను పట్టుకుంటోంది, సగం తిరుగుతోంది, అక్కడ ప్రాణం పోయినట్టు ఆగిపోతోంది.

"మోటారు మార్చాలి," అంది కూతురు.

"మొన్ననే మార్చావు. ఆ దుకాణాయన ఇప్పటికే మనల్ని చూడగానే కుర్చీ వేస్తున్నాడు," అన్నాడు పొడుగబ్బాయి.

తల్లి టీ తెచ్చింది. వైర్లన్నీ యంత్రపు చేతిని అంటిపెట్టుకుని, సమానమైన ఎడంలో కట్లతో, బిగుతుగా ఉన్నాయి. ఆమెకు అలమరలోని దుప్పట్లు గుర్తొచ్చాయి.

"ఎంత పొందిగ్గా ఉన్నాయో. ఎవరు కట్టారమ్మా?" అంది ఏమీ ఎరగనట్టు.

కూతురు టీ కప్పులోకి చూసింది.

నిదానం కప్పు కింద పెట్టి, "నేను కట్టినప్పుడు వదులుగా ఉండేవాంటీ," అంది. "చేయి తిరిగేటప్పుడు వైరు కూడా దాంతో పాటు రావాలి కదా. అందుకే చేయి మొదట్లో ఒక చుట్టు వదులుగా వదిలాను. తర్వాత చూస్తే ఇలా ఉంది."

"మరి చెప్పలేదేం?" అంది కూతురు.

"రాశానుగా, మార్కుల కింద. ఏదైనా మార్చేముందు ఒక మాట అడుగు, వదులుగా ఉంచడానికీ ఒక కారణం ఉంటుంది అని."

కూతురు ఫోన్ తీసింది. ఒకటి అంకె చూసి మండిపడి అక్కడే ఆగిపోయిన మనిషి, ఇప్పుడు మొదటిసారి కిందికి జరిపింది. చదివింది. మళ్ళీ చదివింది. లేచి కత్తెర తెచ్చింది. అలవాటుకొద్దీ తనే కట్టు కోయబోయి, ఆగి, కత్తెరను నిదానం వైపు జరిపింది.

నిదానం పేరు నిలబెట్టుకుంది. ఒక్కో కట్టూ కోసి, లాగుడుకు సగం ఊడిన వైరు కొస బిగించి, చుట్టు వదిలేసరికి టీలు చల్లారిపోయాయి. కూతురి వేళ్ళు బల్ల మీద గిలగిల్లాడాయి గానీ ముందుకు రాలేదు. తల్లికి ఆ నిగ్రహం యంత్రం కన్నా పెద్ద వింతగా తోచింది.

చేయి డబ్బాను పట్టుకుంది. తిరిగింది. సగం దాకా వచ్చింది. అది ఆగకుండా సాగిపోయి, డబ్బాను తెచ్చి, బల్ల చివర చదువుకుంటున్న తండ్రి పేపరు మీద పెట్టింది. ఆయన పేపరు లాక్కోబోయి, పిల్లల మొహాలు చూసి ఊరుకున్నాడు. పొడుగబ్బాయి కుర్చీలో జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

తల్లికి ఒళ్ళు తేలికైనట్టనిపించింది. టీలు వేడిచేద్దామని కప్పులు తీస్తుంటే, వెనక నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని మాట వినబడింది.

"నువ్వు రాసింది నేను చదవనేలేదు. నిన్ను అడక్కుండా బిగించేశాను. తప్పు నాదే."