రాయచోటి ఇంట్లో షబానా సగం

జెడ్డా పాతబస్తీ బలద్‌లో రఫీ వాళ్ళ గది మూడో అంతస్తులో. మోకాళ్ళు పట్టుకుని రత్తమ్మ మెట్లెక్కేసరికి, రఫీ భార్య షబానా పిల్లల బట్టలు అట్టపెట్టెల్లో కుక్కుతోంది. ఇక్కడుండే పెళ్ళాంబిడ్డలకు మనిషికింతని పన్ను పెట్టారు ఆ ఏడు. అంతమందికి కట్టే తాహతు రఫీకి ఎక్కడిది? వాళ్ళను ఊరికి పంపేసి తానొక్కడే ఉంటానన్నాడు.

రత్తమ్మ ఒంటిమీది నల్ల అబాయా లోపలినుంచి డబ్బు సంచి తీసింది. రాయచోటిలో ఆమె కొన్న ఇంట్లో సగం డబ్బు షబానాదే, గాజులమ్మి ఇచ్చింది పాపం. "సగమిల్లు నీదే. నేను తిరిగిచ్చేనాటికి ధరెంతుంటే అందులో సగమిస్తా" అని అప్పుడు నోరారా అన్నది రత్తమ్మే. అప్పుడా వీధిలో కుక్క కూడా తిరిగేది కాదు. ఇప్పుడు పక్కన బైపాసు రోడ్డు పడి ధర మూడింతలైంది. ఆ లెక్కన ఇవ్వాలంటే ఇంకో రెండేళ్ళు తాను పనిచేసే మదాం ఇంట్లో గిన్నెలు తోమాలి. తీసుకున్నంతే ఇచ్చేస్తే ఈ నెలలోనే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి వెళ్ళిపోవచ్చు. ఇంటి మీదికి ప్రాణం లాగేస్తోంది ఆమెకు.

"ఇదిగో, నువ్వు ఇచ్చినంత" అని మొహం చూడకుండా సంచి ముందు పెట్టింది.

"చాలక్కా. దానిమీద పైసా ఎక్కువ తీసుకున్నా వడ్డీ అవుతాది, మాకు హరామ్" అన్నది షబానా.

రత్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. షబానా ఇచ్చిన టీ ఎంత కమ్మగా ఉందో! సగం గ్లాసు తాగిందో లేదో, పెరటి గోడ గుర్తొచ్చింది. తుఫాను వానకు అది కూలితే, అడక్కుండానే సగం ఖర్చు పంపింది ఈ పిల్ల. నా సగం కూడా పడిపోయింది కదక్కా అని నవ్వింది. గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమ్మే, గోడ పడితే నీ సగం పడినాదే, ధర లేస్తే నీ సగం లేయదా? వడ్డీకిచ్చినోళ్ళు యాడైనా గోడలు కట్టిస్తారా?"

పెట్టెకు తాడు బిగిస్తున్న రఫీ తలెత్తకుండానే అన్నాడు. "అక్క చెప్పేది నిజమే. అది వడ్డీ కాదు, వాటా."

"నిన్నెవురడిగినారు? అక్క ఊరికి పోవాలని ఎన్నాళ్ళనుంచి చూస్తాండాది!" అని మొగుణ్ణి కసిరింది షబానా.

"పోతాలేమ్మే, రెండేండ్లకు పోతా. ఇది తీసుకో, మిగతాది ఈన్నుంచే కడతా. అంతవరకు బాడుగిల్లు ఎతకద్దు. పిల్లోళ్ళతో మనింట్లోనే దిగు."

"ఈ లోపల ధర ఇంకా పెరిగితే?" అంది షబానా, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతూ.

"అమ్మో! ఈ పొద్దు ధరకే ఆపు తల్లీ, నా మోకాళ్ళు ఒప్పుకోవు!"

గది గదంతా నవ్వింది. రత్తమ్మ మెడలో తాడుకున్న ఇంటి తాళంచెవి విప్పి షబానా చేతిలో పెట్టింది.

"ఎనక తలుపు బిగుసుకుంటాది. కొంచెం పైకెత్తి తొయ్యి."

మెట్లు దిగడానికి మళ్ళీ మోకాళ్ళు పట్టుకుంది.