గడ్డిలో దాచిన మైకు

ఆంజనేయులు బెజవాడ నుంచి రెండు మైకులు తెచ్చాడు. నచ్చింది ఉంచుకుని రెండోది సోమవారం బస్సులో తిప్పి పంపమన్నాడు కొట్టాయన జగన్మోహనరావు. నూజివీడులో పెళ్ళిళ్ళకి మైకుసెట్టు అద్దెకిచ్చే ఆంజనేయులికి మైకులు కొత్త కాదు. కానీ అతని దగ్గరున్న పాత మైకు అరిచేవాళ్ళ కోసం చేసింది. మెల్లగా పాడేవాళ్ళ గొంతు దానికి పట్టదు.

ఇప్పుడు కావలసింది మెల్లగా పాడే ఒక ముసలావిడ గొంతు. ఆవిడ తులసమ్మ, ఆంజనేయులు భార్య సరోజకి అమ్మమ్మ. పురిట్లోనే తల్లి పోతే సరోజని పెంచింది ఆవిడే. ఆవిడ గొంతులో పుండు లేచింది. మంగళవారం గుంటూరులో ఆపరేషను. ప్రాణం దక్కుతుంది గాని ఇక మాట ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆదివారం ఆగిరిపల్లి నుంచి వచ్చి, ఆ రాత్రి ఇక్కడ పడుకుని, సోమవారం పొద్దున్నే బస్సెక్కుతుంది. ఆ ఒక్క పూటలో ఆవిడ జోలపాట టేపు మీదికి ఎక్కాలి.

సరోజకి ఎనిమిది నెలల కూతురు. పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి సరోజ. ఏది ఎప్పుడు చేజారిపోతుందోనన్న గుబులు ఆమెకి పుట్టుకతోనే ఉంది. అమ్మ గొంతు ఎలా ఉండేదో ఆమెకి తెలియదు. అమ్మమ్మ గొంతు కూతురికి తెలియకుండా పోకూడదని ఆమె పట్టు.

శనివారం ఆంజనేయులు రెండు మైకులూ బల్ల మీద పెట్టాడు. ఒకటి తేలిగ్గా, తళతళలాడుతూ ఉంది. రెండోది ఇనపగుండులా బరువు, ఖరీదూ ఎక్కువే.

"హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు రెండింటిలోనూ.

"మీరు ఊరేగింపులో మాట్లాడినట్టు మాట్లాడితే ఏం తెలుస్తుందండీ? ఇలా ఇవ్వండి" అని సరోజ లాక్కుని, పిల్లకి చెప్పినట్టు గుసగుసగా నాలుగు మాటలు చెప్పింది.

టేపు తిప్పి విన్నారు. తేలిక మైకులో గొంతు గాజుగ్లాసుకి చెంచా తగిలినట్టు ఖణీమంది. బరువు మైకులో దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టుంది.

"ఇదే తీసుకుందామండీ. చవకా, శుభ్రంగానూ ఉంది" అంది సరోజ తేలికదాన్ని చూపించి.

"చవకదాన్ని నువ్వు వద్దంటావేమోనని భయపడ్డాను. బతికించావు" అన్నాడతను.

రికార్డు చేసే చోటు కూడా సరోజే కనిపెట్టింది. పెరట్లో ఆమె మామగారు మామిడికాయలు మాగబెట్టే గది ఉంది. నాలుగు గోడలకీ ఎత్తుగా వరిగడ్డి. తలుపేస్తే రోడ్డు మీద లారీ వెళ్ళినా వినపడదు. కిటికీలోంచి కరెంటు తీగ లాగాడు ఆంజనేయులు.

పిల్ల అప్పుడప్పుడే పాకుతోంది, అందిందల్లా లాగుతోంది. అందుకని సరోజ ఆ తేలిక మైకుని పాతగుడ్డలో చుట్టి, చిన్నరసం మామిడికాయల మధ్య గడ్డిలో లోపలికంటా దూర్చింది. మచ్చపడకుండా కాయని కాపాడే గడ్డి మైకుని కాపాడదా అనుకుంది. మైకు వచ్చిన డబ్బాలో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంది. ఐదో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు కూడబలుక్కోగలదు గాని అర్థం తెలియదు. మొగుణ్ణి అడగడానికి మొహమాటపడి మడిచి పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం తులసమ్మ వచ్చింది. గది వాసన పీల్చి, "నన్ను కూడా మాగబెడతారేంటే?" అంది. మాట సగం గాలే.

సరోజ గడ్డిలో చెయ్యి పెట్టింది. మాగుతున్న కాయల ఆవిరికి లోపల జ్వరమొచ్చిన ఒళ్ళులా ఉంది. గుడ్డ తడిసింది. ఆంజనేయులు మైకు తగిలించి మీట ఎంత తిప్పినా చీమ నడిచినంత చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆ కాగితం తీసి చదివాడు.

"వేడి తగలకూడదు, చెమ్మ తగలకూడదు అని రాశాడు సరోజా. లోపల ఉప్పుబిళ్ళ లాంటిది ఉంటుందట, అది కరిగిపోతుందట."

సరోజ తడిగుడ్డ కేసి చూస్తూ, "నేనే పోగొట్టానండీ" అంది.

 ఆంజనేయులు కాగితం మడిచి, "పాడైంది తిప్పి పంపలేం, ఇక రెండూ మనవే" అని లోపలికెళ్ళి, తిప్పి పంపడానికి కట్టిపెట్టిన బరువు మైకు తెచ్చాడు.

దాంతో ఒక చిక్కు. అది నోటికి బెత్తెడు దూరంలో ఉంటేనే వింటుంది. తులసమ్మేమో దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. "ఆ ఇనపముక్కకి నేను జోల పాడను. నాకు రాదు."

సరోజ రెండుసార్లు బతిమాలింది. మూడోసారి మాట్లాడకుండా పిల్లని తెచ్చి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, మైకుని పిల్ల చెవి పక్కన పట్టుకుని కూచుంది. పిల్ల నిద్రకి మూలిగింది. ముసలావిడ తల దానంతటదే వంగింది. పాట మొదలైంది. మధ్యలో రెండుచోట్ల తెగింది, దగ్గొచ్చింది, చరణం ఒకటి మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడింది. చెయ్యి తిమ్మిరెక్కినా సరోజ కదల్లేదు.

అయ్యాక ఆంజనేయులు టేపు వెనక్కి తిప్పి పెట్టాడు.

శనివారం విన్న ఖణీమనే మోత లేదు. ముసుగులోంచి వచ్చినట్టు, కిందినుంచి, మందంగా వచ్చింది గొంతు. సరోజ ముందు ఇది అమ్మమ్మ గొంతే కాదనుకుంది. తరవాత గుర్తుపట్టింది. చిన్నప్పుడు అమ్మమ్మ రొమ్ము మీద చెవి ఆనించి పడుకున్నప్పుడు వినిపించింది ఈ గొంతే. బయటివాళ్ళెవరూ విననిది. చెంచా మోతలో అది పడేదా? ఏమో. తను చేసిన తప్పు తప్పే. అయినా ఈ గొంతు దొరికింది.

పిల్ల కళ్ళు తెరిచి పాట వస్తున్న టేపు పెట్టె వైపు చూసింది. మళ్ళీ ముసలావిడ మూసిన నోటి వైపు చూసింది. అటూ ఇటూ చూస్తోంది.

తులసమ్మ పిల్ల బుగ్గ తుడిచి, "నోరు మూసుకుని పాడటం ఇవాళ్టి నుంచే నేర్చుకుంటున్నానే తల్లీ" అంది.

ఆంజనేయులు తల వంచుకుని మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. సరోజ టేపు ఆపలేదు.