తొక్కలో ఉద్యోగం

గుప్పెడు ద్రాక్షతొక్కలు తీసి వాసన చూసి, బల్ల మీద పరిచి, తొడిమలూ గింజలూ పక్కకు నెట్టి, మిగిలినవి తొట్టిలోకి జార్చింది తొక్కలమ్మ. మళ్ళీ గుప్పెడు. పులిసిన వాసన ఏ కాస్త తగిలినా ఆ గుప్పెడు మొత్తం బయటికే. బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళు కబుర్లలో పడి వేగం తగ్గించినా ఆమె చేతులు మాత్రం ఆగవు. ఏళ్ళ తరబడి రంగు పట్టి వేళ్ళు వంకాయల్లా ఉంటాయి. సబ్బు పెట్టి రుద్దితే ఆ ఊదా కాస్తా నీలమవుతుంది తప్ప వదలదు.

ఆమెకూ ఒక పేరుంది గానీ ఆ పండ్లరసాల ఫ్యాక్టరీలో దానితో పిలిచేవాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ పనికి కుదిరింది. రసం పిండేశాక కుప్ప పడే తొక్కల్ని పారతో ట్రాక్టర్లోకి ఎత్తడం ఆమె పని. ఆ ట్రాక్టరు తోలి, వెనకున్న గోతిలో తొక్కలు పోసి రావడం ఆమె మొగుడి పని. ఎప్పుడూ ఈగలు, ఎప్పుడూ పులుపు కంపు. సాయంత్రం బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. "నాకేం, మహారాణిలా రెండు సీట్లు" అని నవ్వేసేది. ఒక వానాకాలం జ్వరంతో మొగుడు పోయాడు. ట్రాక్టరు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. పార మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత చాలా ఏళ్ళకు కెమిస్టు మేడం వచ్చింది. మనిషి పుల్లలా ఉంటుంది గానీ పట్టిన పట్టు విడవదు. ఈ తొక్కల్లో అసలైన ఎరుపుందనీ, ఒంటికి మేలు చేసే యాంటీ ఆక్సిడెంట్లున్నాయనీ, బంగారం లాంటి సరుకుని గోతిలో పోస్తున్నామనీ యాజమాన్యం చెవిలో పోరింది. వాళ్ళు విసిగిపోయి వెనక షెడ్డు ఇచ్చేశారు. మేడం మొదట అడిగిన మనిషి తొక్కలమ్మే.

పని వినడానికి తేలికే. ఏరిన తొక్కల్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఆ ఎర్రనీళ్ళు వడకట్టి, మూత బిగించిన పెద్ద స్టీలు బానలో పోసి, లోపలి గాలి లాగేసి చిక్కబరచాలి. గాలి లేకపోతే సన్నటి వేడికే నీళ్ళు మరుగుతాయట. వేడి కాస్త ఎక్కువైందా, ఎరుపు కాస్తా కాఫీ డికాక్షన్ అయిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి కూడా పాడైతే షెడ్డుకి తాళం వేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. తొక్కలు మళ్ళీ గోతికి, ఆడవాళ్ళు ఇంటికి.

ఆ మూడోసారి ఇవాళే. వయసు నిండి తొక్కలమ్మ ఉద్యోగం ముగిసేదీ ఇవాళే. సాయంత్రం వీడ్కోలు సభ పెడతామనీ, మైకు తెప్పించామనీ మేనేజరు కబురంపాడు. "రెండు ముక్కలు మాట్లాడాలమ్మా" అన్నాడట. బాన సంగతి కన్నా ఆ రెండు ముక్కల సంగతే ఆమెకి గుండెల్లో రాయిలా ఉంది.

మధ్యాహ్నం బాన గాజు కంతలోంచి చూస్తే లోపల ఎరుపు సన్నగా కుతకుతలాడుతోంది. అప్పుడే షెడ్డు బయట ఠప్‌మని చప్పుడై, కాలిన వాసన గుప్పుమంది. చన్నీళ్ళ మోటారు కాలిపోయింది.

మేడం పరుగున వచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఆవిరిని చల్లార్చే గొట్టానికి నీళ్ళు అందట్లేదు. అది వేడెక్కితే బానలో కూడా వేడి పెరిగిపోతుంది."

"ఆపేస్తే?" అంది తొక్కలమ్మ.

"సగంలో ఉంది. ఆపితే రేపటికి పులుస్తుంది. కొత్త మోటారు రేపుగానీ రాదు." పైకి చూసింది మేడం. ఇనప మెట్ల చివర, గొట్టానికి పైన, చిన్న నీళ్ళ తొట్టి ఉంది. "అందులో చేత్తో పోస్తూ ఉండాలి. ఆగకుండా." అంటూనే బకెట్ అందుకుంది.

తొక్కలమ్మ ఆ బకెట్ లాగేసుకుంది. "మీరు పైన వేడి చూపే ముల్లు చూస్తూ ఉండండి మేడం. నీళ్ళు మేం చూసుకుంటాం. ఏమ్మా, లేవండి! కబుర్లు మెట్ల మీద చెప్పుకుందాం."

ఆడవాళ్ళు మెట్ల పొడుగునా వరసకట్టారు. బకెట్లు చేతులు మారుతూ పైకి పోతున్నాయి, ఖాళీవి కిందికి వస్తున్నాయి. కానీ నేలతొట్టిలోని నీళ్ళు ఎండకి గోరువెచ్చగా ఉన్నాయి. ముల్లు ఆగలేదనీ, ఎక్కుతూనే ఉందనీ పైనుంచి మేడం కేకేసింది. తొక్కలమ్మ తడి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కోల్డ్ రూం వైపు నడిచింది.

అక్కడ ఉండేది ఆమె మరిది. ఐసుగడ్డల్ని సొంత పిల్లల్లా కాపాడుకుంటాడని పేరు.

"ఐసు కావాలయ్యా."

"ఎంత?"

"ఉన్నదంతా."

"వదినా, రిటైరయ్యే రోజున మతి పోయిందా? మేనేజరు గారి సంతకం లేందే ఒక్క గడ్డ కదలదు."

"సంతకం ఎప్పుడైనా పెడతారు. రంగు ఆగదు."

"పోతూ పోతూ నా ఉద్యోగం కూడా పట్టుకుపోతావా? ఆ తొక్కలో ఉద్యోగానికి ఇంత ఆరాటమేంటి నీకు?"

"అవును, తొక్కలో ఉద్యోగమే. మీ అన్న చేశాడు, నేను చేశాను. ఇవాళ ఒక్క పూట నువ్వూ చెయ్యి. బండి తియ్యి."

మరిది గొణుక్కుంటూ తలుపు గొళ్ళెం తీశాడు. తోపుడు బండి మీద ఐసు పొగలు కక్కుతూ షెడ్డుకు చేరింది. గడ్డలన్నీ నేలతొట్టిలో పడ్డాయి.

ఆ తర్వాత ఎవరూ గడియారం చూడలేదు. మెట్లు మలుపు తిరిగే చోట నడుం తిప్పి అందించాలి, అక్కడ నిలబడడం కష్టం. మోకాళ్ళు సలుపుతున్నా తొక్కలమ్మ ఆ చోటు వదల్లేదు. "అక్కా, సభకి చీర మార్చుకోవూ?" అని కింది నుంచి ఎవరో అంటే, "తడిపి ఇస్త్రీ చేస్తున్నా" అంది. మెట్లన్నీ నవ్వాయి. కాసేపటికి మేనేజరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మా, మైకు రెడీ..." అంటుండగానే ఆయన చేతిలోకి నిండు బకెట్ వచ్చింది. వెనకనుంచి ఇంకోటి వస్తోంది. ఏం చేస్తాడు, పైకి అందించాడు. రెండో బకెట్‌కి బూట్లు తడిశాయి. ఆ తర్వాత చొక్కా చేతులు మడిచాడు.

"నిలబడింది!" అని పైనుంచి కేక. "ముల్లు నిలబడింది!"

పొద్దు వాలుతుండగా మేడం బాన అడుగు కొళాయి తిప్పింది. తేనెలా చిక్కగా, నల్లగా జారింది ద్రవం. నల్లదనం చూసి మళ్ళీ డికాక్షనే అనుకున్నారంతా. మేడం ఒక్క చుక్క గాజుగ్లాసు నీళ్ళలో వేసింది. చుక్క కిందికి దిగుతూ విచ్చుకుంది. గ్లాసంతా ఎరుపు. దానిమ్మగింజ మీద ఎండ పడినట్టు. వేడికి నిలుస్తుందో లేదోనని గ్లాసుని వేడినీళ్ళలో ఉంచి కాచుకున్నారు. ఎరుపు మారలేదు.

మేడం ఊదారంగు ద్రవమున్న చిన్న సీసా తెచ్చి, డ్రాపరు తొక్కలమ్మ చేతిలో పెట్టింది. "యాంటీ ఆక్సిడెంట్లు బాగా ఉంటే ఈ ఊదా విరిగిపోవాలి. మీరే వెయ్యండి."

చుక్క గురి తప్పలేదు. ఊదా పలచబడి, పలచబడి, వెలిసిపోయి, లేత పసుపు మిగిలింది.

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల లేచింది. మేడం చిన్నపిల్లలా ఏడుస్తూ తడి కోటుతోనే ఆమెను వాటేసుకుంది. మరిది ఖాళీ బండి మీద దరువు వేశాడు. తొక్కలమ్మకి మొగుడు గుర్తొచ్చాడు. మరకల బనీను ఎత్తి చూపిస్తూ, "ఎంత ఉతికినా పోని రంగుని పారబోయిస్తున్నారే, పిచ్చోళ్ళు" అనేవాడు. "ఇక పారబొయ్యరులే" అంది పెదాలు కదలకుండా. నవ్వొచ్చింది, కళ్ళు మాత్రం మసకబారాయి.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, రాసుకొచ్చిన కాగితం జేబులో ముద్దయింది. "అమ్మా... నేనింకేం చెప్పను? మీరే రెండు ముక్కలు..."

ఆమెకి భయం వెయ్యలేదు. "రేపు తొక్కలు పెందలాడే వస్తాయి. ఎండ ముదరకముందే ఏరేయండి" అంది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. అవి ఇంకా మోగుతుండగానే రబ్బరు బూట్లు విప్పేసి, సంచీ భుజాన వేసుకుని, బల్ల మీద ఒకసారి అరచెయ్యి ఆన్చి, పక్క తలుపులోంచి బయటికి వచ్చేసింది.

గేటు దగ్గర కూతురు స్కూటరు మీద ఎదురుచూస్తోంది.

"ఇంతసేపా అమ్మా? సభ బాగా జరిగిందా? ఏమిచ్చారు?"

"నీళ్ళు మోయించారు."

"రిటైరయ్యే రోజునా?"

"మేనేజరు చేత కూడా" అంది తొక్కలమ్మ, వెనక సీటు మీద దర్జాగా కూర్చుని. కూతురికి ఏమీ అర్థం కాకపోయినా, అమ్మ తన భుజం మీద చెయ్యి వేసి పగలబడి నవ్వుతుంటే తనూ నవ్వుతూ బండి ముందుకు పోనిచ్చింది.

షెడ్డు గుమ్మం పక్కన, గోడకి ఆనించి తలకిందులుగా పెట్టిన ఆమె రబ్బరు బూట్ల నుంచి నీళ్ళు ఇంకా కారుతూ ఉన్నాయి, సిమెంటు నేల మీద పల్చటి ఎర్రటి చారగా.