గాలిలో చెంచా

పొద్దున్నే భార్య మందుల షాపుకి వెళ్ళిపోగానే ప్రోగ్రామర్ తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. పక్క గదిలో మంచం మీద అతని అక్క ఉండేది. తల్లి పోయాక అతన్ని సాకి, చదివించి మనిషిని చేసిన అక్క. పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడిచేతి బొటనవేలు తప్ప కాళ్ళూ చేతులూ కదలవు.

మణికట్టు నుంచి కిందకి అతని చేతులు ఎవరికీ కనబడేవి కావు. ఏళ్ళ తరబడి కీబోర్డు మీద ఆడించి ఆడించి అరిగిపోయాయి. ఆఫీసులో సగంమందికి అంతే. డాక్టరు కూడా, "మీ పనిలో మామూలే. వేడి వస్తువుల దగ్గర కాస్త జాగ్రత్త," అని పంపేశాడు. ఏదైనా పట్టుకోవడానికి అడ్డేమీ లేదు. ఉంగరం మాత్రం గాల్లో తేలుతూ తిరిగేది.

చిక్కల్లా అక్కతోనే వచ్చింది. మధ్యాహ్నం అతను సూపు పట్టబోతే, చెంచా తనంతట తనే గాల్లో నడిచొస్తున్నట్టుండి ఆమె నోరు బిగించేసేది. గ్లౌజు తొడుక్కున్నా అంతే. ఎవరి చెయ్యో అన్నట్టు చూసేది. సాయంత్రం భార్య వచ్చి పెడితేనే తినేది.

ఒకరోజు అతను హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగులో ఉండగా అక్క మంచం మీంచి జారిపడింది. అతను వెళ్ళి చూసేసరికి పొద్దు వాలింది. ఆమె చెంప కింద నేల తడిగా ఉంది.

"ఏవండీ, వదిన ఎండిపోతోంది," అంది భార్య. "నేను షాపు మానలేను, మీ చేత్తో ఆవిడ తినదు. సంరక్షణ కేంద్రం వాళ్ళతో మాట్లాడాను. నెలాఖరుకి వ్యాను పంపిస్తారట."

"అక్కడ వదిలేస్తే ఎన్నాళ్ళుంటుంది?"

"ఇక్కడుంటే ఎన్నాళ్ళుంటుంది?"



వ్యాను వచ్చేదాకానైనా అక్క తనని పిలవడానికి మోగే గంట ఒకటి ఉండాలనుకున్నాడు. బజార్లో కొన్న బెల్లు మీట ఆమె బొటనవేలికి లొంగలేదు. తాకితే చాలు మోగేది తనే చేద్దామని ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు అతని ఖాళీ చొక్కా చేతుల వంక చూసి, "సాల్డరింగ్ ఎప్పుడైనా చేశారా?" అన్నాడు.

"వీడియోలు చూశాను."

"వీడియోలో చెయ్యి కనబడుతుంది సార్. మీ వేలెక్కడుందో మీకే తెలీదు. కాల్చుకుంటారు."

"కాలితే కాలనీండి."

అన్నంతా అయింది. తొలిరోజే సాల్డరింగ్ కడ్డీ తగిలి చూపుడువేలు చుర్రుమంది. మంట తగ్గాక చూస్తే, గాల్లో బఠాణీ గింజంత ఎర్రటి చర్మం. భార్య చూసి, "ఇది రాసుకోండి," అని మందు ట్యూబు చేతిలో పెట్టింది.

కోడులో తప్పు దొర్లితే వెనక్కి తీసుకోవచ్చు. చిప్పు మాడితే మాడిందే. తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. వైరు ఒలుస్తుంటే చీరుకున్న గోరు, రాగిరేకు కోసిన అరచెయ్యి, దెబ్బ తగిలిన చోటల్లా చెయ్యి తిరిగొచ్చింది. వచ్చిన వేళ్ళు బరువుగా, మొద్దుగా ఉండేవి.

"ఈమధ్య నెమ్మదించావేంటయ్యా?" అనడిగాడు మేనేజరు.

"చేతులొస్తున్నాయి సార్."

"అయ్యో పాపం," అన్నాడు మేనేజరు నిజంగానే బాధపడుతూ. అతని చేతిలో ఉన్న పెద్ద ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేశాడు.

చివరికి రాగిరేకు ముక్క అక్క బొటనవేలి కింద, గంట అతని కంప్యూటర్ పక్కన చేరాయి. అతను తాకితే మోగింది, భార్య తాకితే మోగింది. అక్క మాత్రం తాకలేదు. పిలిచి ఏం లాభం అనుకుందేమో.

వ్యాను వచ్చే రోజు పొద్దున భార్య వదిన బట్టలు సంచీలో సర్దుతుంటే గంట మోగింది. మీటింగు మధ్యలోంచి అతను పరిగెత్తుకొచ్చాడు.

"ఏం కావాలక్కా?"

ఆమె అతని చేతుల్నే చూస్తోంది. బొబ్బలు, మానుతున్న పక్కులు, ఇంకా తిరిగిరాని చిటికెనవేలు. చిన్నప్పుడు అతను మోకాలు చెక్కుకుపోయి ఇంటికొస్తే ఇలాగే చూసేది.

అతను మంచం పక్కనున్న గిన్నెలోంచి చెంచాతో సూపు తీసి ఆమె పెదాల దగ్గర పెట్టాడు. నోరు తెరిచింది. సగం గడ్డం మీదుగా కారింది. మిగతాది మింగింది.

"బయల్దేరదామా అమ్మా?" గుమ్మంలో స్ట్రెచరుతో ఇద్దరు మనుషులు నిలబడ్డారు.

"ఆవిడ తింటోంది," అంది భార్య.

"తినడం అయ్యాకే తీసుకెళ్తాం, తొందరేం లేదు."

"మళ్ళీ మధ్యాహ్నం కూడా తింటుందండీ," అంటూ ఆమె సంచీలోంచి వదిన బట్టలు తీసి ఒక్కొక్కటే బీరువాలో పెట్టసాగింది.