పై నీళ్ళు, అడుగు నీళ్ళు

జేవియర్ నిన్న పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. తిరగడానికి మారికుప్పం గని కార్మికుల లైన్లలో వాళ్ళ ఇల్లెంతని? రెండు గదులు, ఒక వసారా. అందులోనే తలుపు దాకా పోవడం, తలుపు పక్కనున్న మేకును చూడడం, మళ్ళీ వెనక్కి రావడం. భార్య సెలీన్ మాత్రం కదల్లేదు. ఒళ్ళో ఫోన్ పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులూ దాని మీద కప్పి కూర్చుంది.

కొడుకు లియో మంగళూరులో పనిచేస్తాడు. నేత్రావతి నది సముద్రంలో కలిసే చోట పడవలో తిరుగుతూ నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచే పని. నిన్న పొద్దున పెద్ద అల ఒకటి పడవను అడ్డంగా కొట్టింది. మిగతా ముగ్గురూ పడవను పట్టుకుని వేలాడారు. లియో కనపడలేదు. మధ్యాహ్నానికి అతని ఎర్ర టోపీ సముద్రంలో, ఒడ్డుకు రెండు మైళ్ళ అవతల దొరికింది. అంతే, వెతికే పడవలన్నీ సముద్రం మీదికే పోయాయి.

ఆ టోపీ సెలీన్‌కు ప్రాణం పోసింది. టోపీ అటు పోయిందంటే పిల్లోడూ అటే పోయుంటాడు, చేపల పడవ ఏదో ఎక్కించుకుని ఉంటుంది, ఆ పడవలు నాలుగైదు రోజులకు గానీ ఒడ్డుకు రావు, అక్కడ ఫోన్లు పలకవు. పలకరించ వచ్చిన ప్రతివాళ్ళకూ ఇదే చెప్పింది. పక్కింటి మోనికా అవునంది. ప్రార్థన చేసిపోయిన ఫాదరూ తలూపాడు. జేవియర్ ఒక్కడే ఆ మాట నమ్మలేదు.

ఎందుకంటే పోయిన క్రిస్మస్‌కు లియో వంటింట్లో ఒక ఆట చూపించాడు. పొడుగాటి గాజు తొట్టిలో మంచినీళ్ళు నింపి, ఒక కొసన ఉప్పునీళ్ళలో నీలం సిరా కలిపి మెల్లగా పోశాడు. ఆ నీలం పైకి రాలేదు. అడుగుకు దిగి, నేల పట్టుకుని రెండో కొసకు పాక్కుంటూ పోయింది. నది నీళ్ళు తేలిక, పైపైన సముద్రంలోకి పోతాయి, ఉప్పునీళ్ళు బరువు, వాటి కిందుగా దూరి నదిలోకి ఎక్కుతాయి అని చెప్పాడు. జేవియర్ పకపకా నవ్వాడు. గనిలో ముప్పై ఏళ్ళు పంపులు నడిపినవాడికి నీళ్ళ సంగతి వీడా చెప్పేది! ఒకే చోట నీళ్ళు పోవడమూ రావడమూ ఏమిట్రా అని ఎగతాళి చేశాడు.

"పాత షాఫ్టులోకి సీసా దించుతా ఉంటివి గదా నాయనా, అడుగు నీళ్ళు ఎట్ల ఉండె?" అన్నాడు లియో.

జేవియర్ నవ్వు ఆగిపోయింది. ఆ నిట్టనిలువు గని గుంతలో పైనుంచి తీసిన నీళ్ళు వాన నీళ్ళే. అడుగువి నోట్లో పెడితే ఉప్పగా ఉండి ఉమ్మేయాల్సి వచ్చేది.

టోపీ తేలుతుంది, పై నీళ్ళతో సముద్రంలోకి పోతుంది. మునిగిన మనిషి తేలడు, ముందు అడుక్కే పోతాడు. షాఫ్టుల నుంచి మునిగిపోయిన ఇద్దరిని పైకి తీసినవాడు జేవియర్, అతనికి ఒకరు చెప్పాలా? అడుగు నీళ్ళు లియోను లోపలికి, నదిలోకి, దాని మీదున్న వంతెన వైపు తోసుకుపోయి ఉంటాయి. టోపీ వెంట ఊరేగుతున్నవాళ్ళను తలుచుకుంటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. అయినా ఆ మాట బయటపెట్టడమంటే, నీ కొడుకు చచ్చిపోయాడని సెలీన్ మొహం మీద చెప్పడమే.

మళ్ళీ మేకు దగ్గరికి పోయాడు. గనిలో దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ తీసుకుని, ఎక్కి వచ్చాక బోర్డుకు తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఆ షిఫ్టులో ఎవరూ ఇంటికి పోయేవాళ్ళు కాదు. గనులు మూశాక జేవియర్ తన టోకెన్ ఇంటికి తెచ్చుకున్నాడు. ఉద్యోగానికి పోయేటప్పుడల్లా లియో దాన్ని జేబులో వేసుకుంటాడు, వచ్చి తగిలిస్తాడు. ఇప్పుడా మేకు ఖాళీ.

రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. సాయంత్రం దాకా సముద్రంలో చూస్తామనీ, ఆ తరువాత వెతుకులాట ఆపేస్తామనీ అధికారి చెప్పాడు. సెలీన్ సరే సార్ అంది.

జేవియర్ ఆమె ముందు నిలబడ్డాడు.

"నీకు నిన్ననే తెలుసు గదప్పా," అంది సెలీన్ తల ఎత్తకుండా. "ఆ తొట్టి ఆట నేనూ చూసినాను. అందుకే నిన్ను ఫోను దగ్గరికి రానీలేదు."

ఆమె అదే నంబరు మళ్ళీ నొక్కి, ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"చెప్పు యాడుండాడో. బిడ్డ నీళ్ళలో నానతా ఉండాడు."

జేవియర్ చెప్పాడు. తడబడకుండా చెప్పాడు. సముద్రం వదిలేయండి, వంతెన దగ్గర లోతు గుంటల్లో అడుగున చూడండి అన్నాడు. తన లెక్క తప్పు కావాలని జీవితంలో మొదటిసారి దేవుణ్ణి వేడుకున్నాడు.

పొద్దు వాలకముందే ఫోన్ వచ్చింది. వంతెనకు ఇవతల మొదటి గుంటలోనే దొరికాడు. జేబులో నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంది, సామాన్లతో పాటు కవరులో వేసి పంపమంటారా అని అధికారి అడిగాడు. జేవియర్ ఫోన్ చెవి మీది నుంచి దించాడు. సెలీన్ ఫోన్ తీసుకుంది.

"తీయొద్దండి సార్, దాన్ని వాని జేబులోనే ఉండనీండి," అంది. "వాడే ఇంటికి తెస్తాడు."