నేను గీకిన ఎర్రపొర

వడ్ల మీది ఊక ఊడాక బియ్యపుగింజను అంటిపెట్టుకుని పలచని ఎర్రపొర ఒకటి ఉంటుంది. దాన్ని గీకి తవుడు చేయడానికే పుట్టిన యంత్రాన్ని నేను. పాలిషర్ అంటారు. కోయంబత్తూరులో పోతపోసి, గడ్డి చుట్టి లారీ ఎక్కించి, పెనుగొండ దగ్గర కాలవగట్టు మీది మిల్లుకు తెచ్చారు. యజమాని కొప్పిశెట్టి సూరపరాజు నాకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నేను తెల్లబరిచిన మొదటి దోసెడు బియ్యం భార్య వీరమణి కొంగులో పోశాడు.

"చూడవే, మల్లెమొగ్గల్లా లేవూ!"

ఆవిడ నవ్వింది. మనుషులు చిత్రమైనవాళ్లు. గింజ బలమంతా నా అడుగున తవుడై రాలి గేదెల తొట్టికి పోయేది. పాలిపోయిన గింజ పెళ్లివిందులకు వెళ్లేది. తవుడు ఊడ్చే నూకాలమ్మ మాత్రం గుప్పెడు తవుడులో బెల్లం కలిపి నోట్లో వేసుకునేది. హమాలీలు ఆమెను చూసి ఇకిలించేవారు.

అలా ఇరవై రెండేళ్లు తిరిగాను. అప్పుడు వీరమణికి పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ఎనిమిది నెలలకు ఆవిడ పోయింది.

తర్వాత మిల్లులో ఒక చప్పుడు మొదలైంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి బెల్టులన్నీ ఆగిపోగానే, ఎవరో చేటతో బియ్యం చెరుగుతున్నట్టు వినిపించేది. హమాలీలు ఆ వేళకు బయటికి వెళ్లిపోయేవారు. ఇనుము చల్లారే చప్పుడేనని మెకానిక్ తేల్చేశాడు. ఇనుము ఎలా చల్లారుతుందో నాకు తెలియదా? అది ఆ చప్పుడు కాదు.

ఏడాది గడిచాక హేమనళిని అనే పరిశోధకురాలు ఐసుపెట్టె పట్టుకుని మిల్లుకు వచ్చింది. అప్పుడే రాలిన తవుడు కావాలంది. ఎందుకని అడిగాడు సూరపరాజు.

"తవుడులో ఫైటిక్ ఆమ్లం, ఫెరూలిక్ ఆమ్లం లాంటివి ఉంటాయండి. గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే వాటి పెరుగుదల కొంత నెమ్మదిస్తోంది. మనుషుల్లో ఏం చేస్తాయో ఇంకా తేలలేదు."

"ఏ క్యాన్సరండీ?"

"మేం చూస్తున్నది పెద్దపేగుదండి."

ఆయన నా మీద చెయ్యి వేశాడు.

"అయితే మా ఆవిణ్ని ఇదే పొట్టన పెట్టుకుందా అమ్మా?"

"అయ్యో, అలా అనుకోకండి. ఒక్క కారణంతో వచ్చే జబ్బు కాదది. దంపుడు బియ్యం తినేవాళ్లకూ వస్తుంది."

ఆమె ఉన్నమాటే చెప్పింది. కానీ దుఃఖానికి ఒక దోషి కావాలి. మర్నాటి నుంచి అందరూ బయటికి వెళ్లే వేళకు ఆయన లోపలికి వచ్చి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. ఆ చెరుగుడు వింటూ ఒకరోజు నోరు విప్పాడు. నాతో అన్నాడో, ఆవిడతో అన్నాడో.

"జబ్బు బయటపడక ముందే అడిగావు. కడుపు బాగుండటం లేదండీ, నాలుగు రోజులు దంపుడన్నం వండుకుంటానన్నావు. మిల్లుగలవాడి ఇంట్లో ఎర్రన్నమేంటే, నలుగురూ నవ్విపోతారన్నాను. మళ్లీ అడగలేదు నువ్వు."

మర్నాడు నా మరలు వదులు చేశాడు. బియ్యం ఎర్రగా రావడం మొదలైంది. "ఇలా మాసిపోయాయేంటండీ?" అంటూ రైతులు కాలవ అవతలి మిల్లుకు మళ్లారు. నెల తిరక్కుండా నా బెల్టు ఊడదీయించాడు. చప్పుడు మాత్రం ఆగలేదు.

మరుసటి ఏడాది హేమనళిని మళ్లీ వచ్చింది. తీసుకెళ్లిన తవుడు సారం గాజుపళ్లెంలో బాగానే పనిచేసిందట. ఇక ఎలుకల మీద చూడాలి, మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందంది.

"మా వీరమణి తినుంటే బతికేదా?"

"నాకు తెలియదండి. తెలుసంటే అబద్ధం చెప్పినట్టే."

ఆయన నూకాలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. ఇన్నేళ్లూ తిన్నావుగా."

నూకాలమ్మ చీపురు కింద పెట్టింది. "అది మందో కాదో నాకేటి తెలుస్తాది బాబూ! మా ఆయనా తిన్నాడు, ఆయనా పోయాడు. అమ్మగారు దంపుడన్నం అడిగానని అప్పట్లో నాతో చెప్పుకున్నారండి. తినుంటే... అడిగింది తిన్నట్టుండేదండి. అంతే."

భార్య పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. హేమనళిని వెళ్లలేక, ఉండలేక, ఐసుపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే పానా పట్టుకుని ఆయన ఒక్కడే వచ్చాడు. హమాలీలను దగ్గరికి రానివ్వలేదు. తుప్పు పట్టిన బోల్టులకు నూనె వేసుకుంటూ సాయంత్రం దాకా నన్ను విప్పాడు. చివరి బోల్టు చేతిలోకి వచ్చాక నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"నీ తప్పేం లేదే," అన్నాడు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్టు వెనక పడి ఉన్నాను. రేపో ఎల్లుండో కరిగిస్తారు. తప్పేం లేదని నాతో అన్న ఆ మాట ఆయన తనకు తాను ఎప్పుడైనా చెప్పుకున్నాడో లేదో, నాకు తెలిసే దారి లేదు.