ఆదెమ్మ చేతి తిండి

“ఆడ ఎవురేం పెట్టినా తినొద్దు తల్లీ. ఎవురి మనసులో ఏముంటాదో మనకేం తెలుస్తాది?”

పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు ఇంకా కదలలేదు. కమలాక్షి కిటికీలోంచి చెయ్యి చాపి, తొమ్మిదేళ్ల కూతురు ఉష తల నిమురుతూ ఆ మాట నాలుగోసారి చెప్పింది. బిడ్డ పక్కన కూర్చున్న ఆమె మొగుడు నరసింహులు విసుక్కున్నాడు.

“మా అక్క ఇంటికే గదా పోతాండేది, యుద్ధానికా?”

“నేనేమన్నా అంటినా? పాపా, నా మీద ఒట్టెయ్యి.”

ఉష కిటికీలోంచి వంగి తల్లి నెత్తిన చెయ్యి పెట్టింది. బిడ్డ ఒళ్లో మూడు గిన్నెల క్యారియరు. రెండు రోజులకు సరిపడా పులిహోర, ఒలిచి ఉప్పూకారం రాసిన కోడిగుడ్లు. దసరా సెలవుల్లో మేనకోడలిని రెండు రోజులు పంపమని ఆదెమ్మ అడిగితే కాదనలేక పంపుతోంది గానీ, కమలాక్షి మనసు మనసులో లేదు. ఆదెమ్మకు పిల్లల్లేరు. పోయినసారి వచ్చినప్పుడు, “ఈ బిడ్డను నాకిచ్చెయ్, నేను సాక్కుంటా” అని నవ్వింది. ఆ నవ్వు కమలాక్షికి నచ్చలేదు. తిండిలో మందు పెడితే, తిన్నవాళ్లు పెట్టినవాళ్ల వెంటే తిరుగుతారని ఆమె చిన్నప్పటినుంచీ వింటున్నదే.

నరసింహులు బిడ్డను దిగబెట్టి వచ్చేశాడు. రెండో రోజు తీసుకురావాల్సినవాడు, ఇంట్లో పట్టుపురుగులు గూళ్లు కట్టే సమయమని ఐదో రోజుకు గానీ పోలేకపోయాడు. తెచ్చేసరికి ఉష ఒళ్లు కాలిపోతోంది. వాంతులు, విరేచనాలు, వాటిలో నెత్తురు జీరలు.

పక్కింటి కాంతమ్మ గడపలోనే తేల్చేసింది. “ఇంకేముండాది? కుప్పంలో మందు పెట్టిండారు. సోమల ఊర్లో ఒకాయన ఆకుపసరు ఇస్తాడు. తాగిస్తే లోపల ఉండేదంతా కక్కేస్తాది.”

పసరు సీసా వచ్చేలోగా నరసింహులు బిడ్డను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. వెనకే పోయిన కమలాక్షి సంచిలో సీసా కూడా పోయింది.

డాక్టరు గోపాలస్వామి సెలైను పెట్టించి, పేగుల్లో బాక్టీరియా చేరిందన్నాడు. “బయటి తిండి ఏమన్నా తినిందా?”

“వాళ్ల మేనత్త ఇంట్లో ఉండింది సార్,” అంది కమలాక్షి వెంటనే. ఉష పైకప్పు చూస్తూ పడుకుంది.

డాక్టరు బయటికి రాగానే కమలాక్షి వరండాలో అడ్డం నిలబడి సీసా చూపించింది. “మందు పెట్టింటే మీ సూదికి దిగుతాదా సార్? ఇది తాగిస్తే కక్కేస్తాదంట.”

ఆయన మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. బల్లమీద కూర్చోమన్నాడు.

“పేగు లోపలి పక్క ఒకే ఒక్క వరస కణాలుంటాయమ్మా. కాగితం కన్నా పల్చన. అవి ఊరికే గోడ మాదిరి నిలబడవు. చెడ్డ క్రిమి చొరబడితే గుర్తుపట్టి, రసాయనాలతో నెత్తురుకు కబురు పంపుతాయి. ఆ కబురుకు తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. క్రిమి దూరిన కణం వరసలోంచి ఊడి, ఆ క్రిమిని పట్టుకొనే బయటికి పోతాది. దాని చోట నాలుగైదు రోజుల్లో కొత్తది వస్తాది.”

“ఏది మంచిదో ఏది చెడ్డదో వాటికెట్ల తెలుస్తాది సార్? మనిషికే తెలీదే.”

గోపాలస్వామి నవ్వాడు. “పేగుల్లో కోట్ల క్రిములు ఎప్పుడూ కాపురం ఉంటాయి. అన్నిటి మీదా అనుమానపడి తిరగబడితే పేగే పుండైపోతాది. ఇప్పుడు నువ్వు కక్కించి, విరేచనాలు పెంచితే ఒంట్లో నీళ్లన్నీ పోతాయి. బిడ్డ దక్కదు. పారబొయ్యి.”

కమలాక్షి తలూపింది. సీసా మాత్రం సంచిలోకే పోయింది. కంటికి కనపడని కాపలాను నమ్మేదెట్లా?

మర్నాడు జ్వరం కొంచెం దిగిందని నర్సు చెప్పింది. కమలాక్షికి అదీ అనుమానమే. తగ్గినట్టు తగ్గి తిరగబెట్టేది పెట్టుమందు గుణమేనని కాంతమ్మ చెప్పి ఉంది.

పదకొండు గంటలకు ఆదెమ్మ వచ్చింది, చేతిలో గంజి ఫ్లాస్కుతో. కమలాక్షి వార్డు తలుపుకు అడ్డం నిలబడింది.

“ఏమ్మా, దోవ ఇచ్చేది ఉండాదా లేదా?”

“నువ్వు పెట్టింది సాలు వదినా.”

“నేను పెట్టిందా? నీ బిడ్డ నా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలే! తోటకు పోయొచ్చి అన్నానికి రమ్మంటే, తినేస్తి అత్తా అనేది. దొడ్లో దానిమ్మకాయ కోసిస్తే అదీ తీసుకోలే. యాలనో నాకేం తెలుసు?”

“ఐదు దినాలు గాలి తిని బతికిందా? ఎవురికి సెప్తావు ఈ కతలు!”

కమలాక్షి గిర్రున తిరిగి మంచం దగ్గరికి పోయింది. సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పింది. పచ్చటి వాసన వార్డంతా పాకింది. “నర్సమ్మా!” అని ఆదెమ్మ కేక పెట్టింది.

“సెప్పు పాపా. ఈమె నీకేం పెట్టింది? భయం లేదు, నేనుండాను. సెప్పితే ఇప్పుడే కక్కిచ్చేస్తా.”

ఉష ఎండిన పెదాలు కదిలి మళ్లీ మూసుకున్నాయి. డాక్టరు గుమ్మంలోకి వచ్చి, “అమ్మా, అది కింద పెట్టు” అన్నాడు. కమలాక్షి పెట్టలేదు. బిడ్డ మొహమే చూస్తోంది. సెలైను చుక్క తర్వాత చుక్క దిగుతోంది. ఉష అత్తను చూసింది, సీసాను చూసింది. తర్వాత తల్లి నెత్తిని, తను చెయ్యి పెట్టి ఒట్టేసిన చోటును, చాలాసేపు చూసింది.

“నువ్వు పెట్టిన గుడ్లే మా,” అంది చివరికి. “మూడో దినానికే వాసనొచ్చినాయి. దాసిపెట్టుకుని అవే తింటి. అత్త పెట్టింది తింటే నువ్వు సచ్చిపోతావు గదా.”